ఆ చిన్న మాత్ర ఎందుకో అమ్మకి ఎవరూ చెప్పలేదు

మా అమ్మకి ఎడమ కాలు వాచేసరికి ఆ వాపుకి మా ఊళ్ళో అప్పటికే రెండు పేర్లు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి బోదకాలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళకి దాని గురించి చెప్పక్కర్లేదు, ఆరోగ్య సిబ్బంది ఇంటికొచ్చి ఎదురుగా నిలబడి మాత్రలు మింగించి వెళ్ళేవారు, మా చిన్నప్పుడు ఆ కాలుతో నడిచేవాళ్ళు వీధికొకరైనా కనబడేవారు. రెండోది కిడ్నీ నీరు. మాది సోంపేట దగ్గర పల్లె, కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ ఉద్దానం. అక్కడ ముఖం ఉబ్బినా కాలు ఉబ్బినా ముందు గుర్తొచ్చేది కిడ్నీయే. ఎదురింటి పెద్దమ్మ "మాత్రలు మింగమంటే మింగలేదు, బోదకాలే అయ్యుంటాది" అంది. మా పిన్ని "ఉప్పు మానీ అప్పా, నీరే అది" అంది. అమ్మ రెండో మాట నమ్మి ఉప్పు మానేసింది. అయిదు రోజులు అలా గడిచిపోయాయి.

ఆరో రోజు సాయంత్రం డయాలిసిస్ సెంటర్లో నర్సుగా చేసే మా వీధి పిల్ల డ్యూటీ నుంచి వస్తూ అమ్మని పలకరించడానికి ఆగింది. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టించి చూసింది. "నీరయితే రెండు కాళ్ళకీ రావాల కదా పిన్నీ, ఒక్క కాలికే ఎందుకొచ్చింది?" అని అడిగింది. పిక్క పట్టుకుంటే వేడిగా ఉంది, నొక్కితే నొప్పి. అప్పుడే నాకు ఫోన్ చేసింది. నేను విజయనగరంలో ఉంటాను, హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఆ రాత్రి బయలుదేరి వెళ్ళి, పొద్దున్నే అమ్మని శ్రీకాకుళం తీసుకెళ్ళి డాప్లర్ స్కాన్ తీయిస్తే తొడ దాకా సిరలో రక్తం గడ్డకట్టి ఉంది.

ఆ పిల్ల అడిగిన ఆ ఒక్క ప్రశ్న గురించి నేను నెలల తరబడి ఆలోచించాను. అమ్మని చూసిన పెద్ద పెద్ద డాక్టర్లలో ఎవరికీ ఆ ప్రశ్న తెలియదని కాదు. అందరికీ తెలుసు. మాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి. అమ్మకి 61 ఏళ్ళు. నిరుడు నడుం నొప్పితో మొదలైంది, నీరసం, ఆకలి లేదు. రక్తపరీక్ష చేయిస్తే, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 2.1, ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ. ఉద్దానంలో ఈ అంకె చూశాక ఇంకో ఆలోచన ఎవరికీ రాదు, మాకూ రాలేదు. కొన్ని వారాల తర్వాత ఒక డాక్టరు హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నరే ఉండడం, ఎముకల నొప్పి ఉండడం చూసి అనుమానించి, విశాఖ పంపితే అక్కడ ఎముక మజ్జ పరీక్షలో తేలింది, మల్టిపుల్ మైలోమా అని. మజ్జలోని ప్లాస్మా కణాల్లో వచ్చే బ్లడ్ క్యాన్సర్ అది. అది కిడ్నీల్నీ పాడుచేస్తుంది, ఎముకల్నీ తినేస్తుంది. బోర్టెజోమిబ్ ఇంజెక్షన్లు, లెనాలిడోమైడ్ క్యాప్సూళ్ళు, వారానికోసారి డెక్సామెథాసోన్ మాత్రలు మొదలుపెట్టారు. వాటితో పాటు చీటీలో అయిదో వరసలో ఇంకో చిన్న మాత్ర ఉంది, 75 ఎం.జి. ఆస్పిరిన్, రోజూ మధ్యాహ్నం భోజనం తర్వాత ఒకటి.

అమ్మ ఆ మాత్రని మూడో వారంలో ఆపేసింది. ఎందుకో తెలిస్తే ఆమెని ఎవరూ తప్పుపట్టలేరు. ఉద్దానంలో పాతికేళ్ళుగా ఏ డాక్టరొచ్చినా, ఏ క్యాంపు పెట్టినా మొదట చెప్పే మాట, నొప్పి మాత్రలు వాడొద్దు, కిడ్నీలు పోతాయి అని. ఎవరో ఆస్పిరిన్ కూడా నొప్పి మాత్రే అన్నారు. అది నిజమే, పెద్ద మోతాదులో అది నొప్పి మాత్రే. 75 ఎం.జి. దగ్గర అది చేసే పని వేరు, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది, అంతే. ఆ తేడా చీటీలో రాసి లేదు, మందులిచ్చిన కిటికీ దగ్గరా చెప్పలేదు, నేనూ అడగలేదు. తనకి తెలిసిన ఆరోగ్య సూత్రాన్ని అమ్మ ఎంతో శ్రద్ధగా పాటించింది. మా ఊరి గురించి తెలిసినవాళ్ళెవరైనా ఇది ముందే ఊహించి ఉండొచ్చు.

స్కాన్ గదిలో ఇంకో మాట. డాక్టరు తెర చూస్తూ "తొడలో గడ్డ ఉందమ్మా" అన్నాడు. అమ్మ ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. రాత్రి నాతో మెల్లిగా అంది, "కాలికి కూడా పాకీసింది కదే." క్యాన్సర్ గడ్డ అనుకుంది! మన భాషలో ట్యూమరూ గడ్డే, క్లాటూ గడ్డే, చంకలో లేచిన సెగ్గడ్డా గడ్డే. క్యాన్సర్ ఉన్న మనిషికి ఆ మాట చెప్పేటప్పుడు ఇంకో రెండు మాటలు కలిపి చెప్పకపోతే ఎంత భయం మిగులుతుందో ఆ రాత్రి చూశాను. "నెత్తురు పేరుకుపోయిందే అమ్మా, పాలు తోడుకున్నట్టు" అని చెప్పాక ఆమెకి ఊపిరి తిరిగింది. ఆ తర్వాత మా ఇంట్లో అందరం నెత్తురు పేరుకోవడం అనే అంటున్నాం. దీన్ని చదివే డాక్టర్లు, నర్సులు ఎవరైనా ఉంటే ఆ మాట తీసుకోమని అడుగుతున్నాను.

బ్లడ్ క్యాన్సర్‌లో నెత్తురు ఎందుకు పేరుకుంటుంది? జర్మనీకి చెందిన డాక్టరు రుడాల్ఫ్ ఫిర్ఖో 1856లోనే దీనికి దారి చూపించాడు. వంశధార కాలువ కింద వ్యవసాయం చేసినవాళ్ళకి ఆయన ఆలోచన సులువుగా ఎక్కుతుంది. నీటి నడక తగ్గినచోట పూడిక పడుతుంది, గట్టు దెబ్బతిన్నచోట చెత్త చేరి ఆగుతుంది, నీరే చిక్కబడితే ఎక్కడైనా పేరుకుంటుంది. మైలోమా మనిషిలో ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి. నడుం ఎముక నొప్పికి మంచం మీదే ఉంటారు కాబట్టి కాళ్ళలో రక్తం నడక తగ్గుతుంది. జబ్బు, మందులు రక్తనాళాల లోపలి గోడని చెనకుతాయి. క్యాన్సర్ వల్ల, అది ఒంటి లోపల రేపే వాపు (ఇన్‌ఫ్లమేషన్) వల్ల రక్తంలో గడ్డకట్టించే పదార్థాలు పెరుగుతాయి. లెనాలిడోమైడ్, దాని అన్న లాంటి థాలిడోమైడ్, ఈ రెండింట్లో ఏదైనా డెక్సామెథాసోన్‌తో కలిసినప్పుడు ప్రమాదం బాగా పెరుగుతుందని ఇరవై ఏళ్ళకి పైగా తెలుసు. అదీ వైద్యం మొదలైన మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువ. అమ్మకి వచ్చింది రెండో నెలలో. కాలిలోని గడ్డ తెగి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. అది జరగకముందే పట్టుకున్నాం, ఆ నర్సు పిల్ల పుణ్యం.

మరి ముందే చెప్పలేరా, ఎవరికి పేరుకుంటుందో? ఇది నా ఉద్యోగానికి దగ్గర ప్రశ్న కాబట్టి, దొరికినంతా కూర్చుని చదివాను.

అందరూ చెప్పేది ఖొరానా స్కోరు. అమెరికాలో పనిచేసే అలోక్ ఖొరానా, ఆయన తోటివాళ్ళు 2008లో ప్రకటించారు. కీమో మొదలుపెట్టే ముందు అయిదు విషయాలు చూస్తారు. క్యాన్సర్ ఎక్కడ, ప్లేట్‌లెట్లు మూడున్నర లక్షలు లేదా అంతకు పైన ఉన్నాయా, హిమోగ్లోబిన్ పదికి తక్కువా, తెల్లకణాలు పదకొండు వేలు దాటాయా, ఎత్తుతో పోల్చి బరువు చూసే బి.ఎం.ఐ. 35 లేదా అంతకు మించి ఉందా. పొట్ట, పాంక్రియాస్ క్యాన్సర్లకి రెండు మార్కులు, ఊపిరితిత్తుల క్యాన్సర్ లాంటి కొన్నిటికి ఒకటి, మిగతా నాలుగు విషయాలకి ఒక్కొక్కటి. మూడు వస్తే హై రిస్క్. ఎంత బాగుందో చూడండి, మామూలు రక్తపరీక్ష, ఒక బరువు మిషను ఉంటే చాలు. పలాసలో కూడా చెయ్యొచ్చు.

కానీ ఇది తయారైంది ముఖ్యంగా గట్టి గడ్డలుగా వచ్చే క్యాన్సర్ల కోసం. బ్లడ్ క్యాన్సర్లలో లింఫ్ గ్రంథుల్లో వచ్చే లింఫోమా ఒక్కటే అందులో ఉంది, లుకేమియా, మైలోమా లేవు. వాటికి కూడా వాడేస్తే సరిపోదా అంటే సరిపోదు, ఎందుకంటే అందులో సగం మార్కులు రక్తకణాల లెక్క మీద ఉన్నాయి, బ్లడ్ క్యాన్సర్ పాడుచేసేది సరిగ్గా ఆ లెక్కనే. లుకేమియా మనిషికి తెల్లకణాలు యాభై వేలు ఉండొచ్చు, అది జబ్బు స్వరూపం. ప్లేట్‌లెట్లు ఇరవై వేలకి పడిపోయి ఉండొచ్చు, అదీ జబ్బే. మైలోమాలో హిమోగ్లోబిన్ పదికి లోపు ఉండడం ఎంత మామూలో మా ఇంట్లోనే చూశాం. ఇంక బి.ఎం.ఐ. 35 అంటే, జీడితోటలో పనిచేసి బతికిన మా అమ్మలాంటివాళ్ళలో ఎంతమందికి ఉంటుంది?

అందుకే మైలోమాకి విడిగా రెండు స్కోర్లు వచ్చాయి, రెండూ 2019లోనే. ఒకటి సేవ్డ్, ఇంకోటి ఇంపీడ్. మొదటిది అమెరికాలో 65 దాటిన, ప్రభుత్వ బీమా ఉన్న రోగుల లెక్కల నుంచి, రెండోది అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల లెక్కల నుంచి కట్టారు. వీటిలో ఉన్నవి నిజంగా మైలోమాకి సంబంధించిన ప్రశ్నలు. లెనాలిడోమైడ్ లాంటి మందు ఉందా, డెక్సామెథాసోన్ ఎంత మోతాదు, ఇదివరకు ఎప్పుడైనా నెత్తురు పేరుకుందా, తుంటి గానీ తొడ ఎముక గానీ విరిగిందా, ఈమధ్య ఆపరేషన్ అయిందా, మెడలోనో ఛాతీలోనో మందులెక్కించే గొట్టం ఉందా.

ఒక రాత్రి కాగితం పెన్ను తీసుకుని అమ్మకి మార్కులు వేశాను. ఇంపీడ్‌లో లెనాలిడోమైడ్‌కి నాలుగు, తక్కువ మోతాదు డెక్సామెథాసోన్‌కి రెండు, మొత్తం ఆరు. అంటే మధ్యరకం ప్రమాదం. తర్వాత ఒక వరస ఉంది, ఆసియా జాతివారైతే మూడు తీసెయ్యాలి. ఆరులోంచి మూడు పోతే మూడు. మూడు, అంతకు తక్కువ అయితే లో రిస్క్. ఆస్పిరిన్ వాడుతుంటే ఇంకో మూడు తగ్గించి సున్నా. సేవ్డ్‌లో కూడా ఆసియాకి మైనస్ మూడే, అక్కడ అమ్మకి వచ్చింది మైనస్ రెండు. అంటే రెండు కొలతల ప్రకారమూ మా అమ్మ భయం లేని వరసలో ఉంది.

ఈ ఆసియా వరస దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చైనా, జపాన్, కొరియా మూలాలవాళ్ళకి సిరల్లో గడ్డలు తక్కువన్నది నిజమే, తెల్లవాళ్ళలో ఎక్కువగా కనబడే ఒక జన్యులోపం వాళ్ళలో దాదాపు లేదు. కానీ అమెరికా ఆసుపత్రి ఫారంలో ఆసియా అన్న ఒక్క గడిలో టోక్యో మూలాలవాళ్ళనీ, సోంపేట ఆడమనిషినీ కలిపి కూర్చోబెట్టి, ఆ గడికి మూడు మార్కులు తీసేసి, ఆ స్కోరుని మళ్ళీ ఉత్తరాంధ్రకి తెచ్చి వాడుకుంటే, ఆ మూడు మార్కులు మనకి చెల్లుతాయని ఎవరు లెక్కవేసి చూశారు? స్కోరు కట్టినవాళ్ళ తప్పు లేదిక్కడ, వాళ్ళు వాళ్ళ దగ్గరున్న రోగుల్ని నిజాయితీగా లెక్కపెట్టారు. మన రోగుల్ని మనం లెక్కపెట్టుకోవాలి. విశాఖలోని పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులకి మా రెండు జిల్లాల నుంచి వెళ్ళే మైలోమా రోగుల్లో ఎవరెవరికి నెత్తురు పేరుకుందో ఒక పుస్తకంలో వరసగా రాసుకుంటూ పోతే, ఆ మైనస్ మూడు ఉంచాలో తీసెయ్యాలో కొన్నేళ్ళలో తెలుస్తుంది.

ఒక్క అమ్మకి వచ్చిందని స్కోరు అబద్ధమని నేను అనను, అలా అంటే నా పిల్లలు నవ్వుతారు. ఇంపీడ్ కట్టినప్పుడు లో రిస్క్ వరసలో ఉన్నవాళ్ళలో కూడా ఆరు నెలల్లో నూటికి సుమారు 3.3 మందికి వచ్చింది, మధ్య వరసలో 8.3, పై వరసలో 15.2. లో అంటే సున్నా అని స్కోరు ఎక్కడా చెప్పలేదు. ఖొరానా స్కోరు విషయంలోనూ అంతే, నెత్తురు పేరుకున్నవాళ్ళలో ఎక్కువమంది హై రిస్క్ వరసలో లేనివాళ్ళే, ఎందుకంటే కింది వరసల్లో మనుషులు ఎక్కువ. స్కోరు పనికొచ్చేది రక్తం పల్చబడే మందు ఎవరికి ఏ స్థాయిలో ఇవ్వాలో తేల్చుకోవడానికి. ఆస్పిరిన్ చాలా, ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్ కావాలా, ఎపిక్సబాన్ లాంటి మాత్ర కావాలా అని. అక్కడితో దాని పని అయిపోతుంది. కాలు వాస్తే ఏం చెయ్యాలన్నది లో రిస్క్ మనిషికీ చెప్పి తీరాలి, ఆ మనిషికే ఇంకా గట్టిగా చెప్పాలి, ఎందుకంటే డాక్టరు మనసులో కూడా ఆ అనుమానం అడుగున ఉంటుంది.

అలా అయితే అందరికీ గట్టి మందే ఇచ్చెయ్యొచ్చు కదా అని మా తమ్ముడు అడిగాడు. ఇవ్వకూడదు. ఇదే మజ్జ జబ్బు రక్తస్రావాన్నీ తెస్తుంది. ప్లేట్‌లెట్లు యాభై వేలకి తగ్గితే పూర్తి మోతాదు ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడతారు. ఎనాక్సాపారిన్ కిడ్నీల గుండా బయటికి పోవాలి, కిడ్నీ బాగా దెబ్బతిన్న మనిషిలో అది పేరుకుపోయి రక్తం కారుతుంది, మోతాదు తగ్గించాలి. ఉద్దానం మనిషికి ఇది పుస్తకంలో చివరి పేజీ విషయం కాదు, మొదటి పేజీ విషయం. వార్ఫరిన్ అనే మాత్ర అయితే చవక, కానీ రక్తం ఎంత పల్చబడిందో చూసే ఐ.ఎన్.ఆర్. పరీక్ష మళ్ళీ మళ్ళీ చేయించాలి, ఊరి నుంచి ప్రతిసారీ ఎవరు తిప్పుతారు. అమ్మకి అప్పటికి క్రియాటినిన్ 1.4కి దిగింది కాబట్టి ఎపిక్సబాన్ మొదలుపెట్టారు, లెనాలిడోమైడ్ కొన్నాళ్ళు ఆపి మళ్ళీ ఇచ్చారు.

మిగతా బ్లడ్ క్యాన్సర్ల సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుందని. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో ఆస్పరాజినేజ్ అనే ఇంజెక్షన్ గడ్డకట్టకుండా ఆపే ప్రొటీన్లని కూడా తగ్గించేస్తుంది, మెదడు సిరల్లో నెత్తురు పేరుకోవచ్చు, ఆ ఇంజెక్షన్ల రోజుల్లో బిడ్డకి విడవని తలనొప్పి వస్తే ఆలస్యం చెయ్యకూడదు. ప్రోమైలోసైటిక్ లుకేమియాలో రక్తం కారడం, గడ్డకట్టడం రెండూ ఒకే వారంలో జరగొచ్చు. రక్తం చిక్కబడే పాలిసైథీమియా వెరాలో హిమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 45 శాతానికి లోపు ఉంచాలి, దానికోసమే రక్తం తీస్తారు. లింఫోమాలో ఛాతీ మధ్యలో క్యాన్సర్ గడ్డలుంటే ప్రమాదం ఎక్కువ. ప్లేట్‌లెట్లు తక్కువున్నాయి కదా, ఇంక పేరుకోదులే అని చాలామంది అనుకుంటారు, అది తప్పు. తక్కువ ప్లేట్‌లెట్లతో కూడా పేరుకుంటుంది.

ఇప్పుడు నాకు కావలసింది చెప్తాను. మాది తుపానుల తీరం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది, మా కొబ్బరి తోటలు వేళ్ళతో సహా పడిపోయాయి. అయినా దాని ముందు రెండు రోజులు మాకు ఏం జరుగుతోందో తెలుసు. కళింగపట్నం ఓడరేవులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారో రేడియోలో చెప్తారు, కొన్ని గంటలకోసారి మారుస్తారు, ఆ నంబరుకి వేటకి వెళ్ళాలా మానాలా అన్నది పడవవాడికి తెలుసు. ఆ నంబరు వాతావరణ ఆఫీసు గోడల మధ్యే ఉండిపోతే దాన్ని ఎవరైనా హెచ్చరిక అంటారా? అమ్మ విషయంలో అదే జరిగింది. ఎవరో ఆలోచించారు, ఆలోచించబట్టే అయిదో వరసలో ఆస్పిరిన్ రాశారు. ఆ ఆలోచన మా ఇంటిదాకా రాలేదు.

నంబరు మారుతుంది కూడా. మొదటి రోజు వేసిన మార్కులు నాలుగో నెలకి చెల్లవు. జ్వరమొచ్చి వారం ఆసుపత్రిలో పడుకుంటే మారుతుంది, ఎముక విరిగితే మారుతుంది, గొట్టం పెడితే మారుతుంది, క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు దిగినా ఎక్కినా ఏ మందు ఇవ్వొచ్చన్నది మారుతుంది. అందుకని ప్రతి సైకిల్‌కీ, అంటే ప్రతి విడత మందులకీ, ఇంజెక్షన్ వేసే ముందు నర్సు ఆ నాలుగైదు ప్రశ్నలు అడిగి, కాళ్ళు రెండూ పక్కపక్కన చూసి, పల్చబడే మందు నిజంగా మింగుతున్నారా అని అడగాలి. మూడు నిమిషాల పని. దాంతోపాటు తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం. ఈ మాత్ర నెత్తురు పేరుకోకుండా, కిడ్నీకి భయపడి మీరంతట మీరు మానకండి, ఏ అనుమానమొచ్చినా మమ్మల్ని అడగండి. ఒక కాలో ఒక చెయ్యో వాస్తే, ఊపిరి ఆడకపోతే, గుండెలో పొడిచినట్టుంటే ఆ రోజే రండి, 108కి ఫోన్ చెయ్యండి.

డాక్టర్లకి టైం ఉండదు, పల్లెటూరి మనుషులకి ఇవన్నీ అర్థం కావు అంటారు. మొదటిది ఒప్పుకుంటాను, ఓపీలో జనం నేనూ చూశాను. రెండోది ఒప్పుకోను. ఉద్దానంలో ఏ కొబ్బరితోటలోకైనా వెళ్ళి, అక్షరం రాని ముసలామెని క్రియాటినిన్ ఎంతమ్మా అని అడగండి. చుక్క తర్వాత అంకెతో సహా చెప్తుంది, పోయిన నెల ఎంతో, ఈ నెల ఎంతో చెప్తుంది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో వచ్చాయి, ఆమె ఆ మాట నేర్చుకుంది అంతకు చాలా ఏళ్ళ ముందు, ఇంటికొకరు పోతుంటే నేర్చుకుంది. అంత కష్టమైన మాట నాలుక మీద నిలబడిన చోట, ఒక్క కాలే వాస్తే పరిగెత్తాలి అన్న మాట నిలబడదా?

ఇంకొకటి. సోంపేట నుంచి విశాఖకి రైల్లో గానీ బస్సులో గానీ మూడు నాలుగు గంటలు, కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుని, ఒంటేలుకి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగకుండా, వారం వారం. కదలకుండా అలా కూర్చోవడం, ఒళ్ళు ఎండబెట్టుకోవడం రెండూ నెత్తురు పేరుకోవడానికి సాయం చేసేవే. అమెరికా స్కోర్లలో ఈ వరస లేదు. బోర్టెజోమిబ్ చర్మం కింద వేసే ఇంజెక్షన్, దానికోసమే ఊళ్ళు దాటించకుండా జిల్లా ఆసుపత్రిలోనే వేయించే ఏర్పాటు చేస్తే ఆ ప్రయాణాల్లో చాలా వరకు తప్పుతాయి.

అమ్మ ఇప్పుడు బాగుంది. మా పిన్ని దగ్గర బట్టలు కుట్టే టేపు ఒకటి ఉంది. మోకాలి చిప్ప కింద ఎముక బొడిపె నుంచి పది సెంటీమీటర్లు దిగి, అక్కడ పిక్క చుట్టుకొలత రెండు కాళ్ళకీ కొలవమని ఆ నర్సు పిల్ల నేర్పింది, తేడా మూడు సెంటీమీటర్లు దాటితే ఆగకుండా ఫోన్ చెయ్యమంది, దాటకపోయినా నొప్పో వాపో ఉంటే చెయ్యమంది. ప్రతి ఆదివారం పిన్ని కొలుస్తుంది, అమ్మ క్యాలెండరు మీద పెన్సిల్‌తో రాస్తుంది, నాకు ఫోన్లో చదువుతుంది. మొన్న ఆదివారం కుడి 31, ఎడమ 32. "మాత్ర యేసీసుకున్నానే, నువ్వడక్కముందే చెప్తన్నాను" అంది.